మెట్లు ఎక్కినందుకు కాదు

శ్రోతలకు నమస్కారం. నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పురుళ్ల గురించి అడిగితే గంటైనా మాట్లాడతాను. ఈరోజు మాత్రం పురుడు దాకా రాని కడుపు గురించి, ఆ తర్వాత మళ్లీ బిడ్డను కోరుకోవడం గురించి మాట్లాడాలి. ఉన్నది కొద్ది నిమిషాలే. అందుకని ఒక్క అమ్మాయి సంగతి చెబుతాను.

మా తిరుపతిలోనే, కొర్లగుంట వైపు ఉంటుంది. చీరల అంగట్లో పని. పెళ్లయిన రెండేళ్లకు నెల తప్పింది. ఎప్పటినుంచో మొక్కుంది కదా అని, ఆ సంతోషంలో మొగుడితో కలిసి అలిపిరి నుంచి కొండకు నడిచింది. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర కాసేపు కూర్చుని జామకాయ తిన్నారట. మరుసటి వారం స్కానింగ్‌కు పోతే, గుండె చప్పుడు లేదమ్మా అన్నారు.

ఇంక ఇంట్లో మొదలైంది. కడుపుతో ఉన్నదానివి మెట్లెందుకు ఎక్కావంది అత్త. ఎప్పుడో తిన్న బొప్పాయి ముక్కను ఆడబిడ్డ గుర్తు చేసింది. కన్నతల్లి ఏమీ అనలేదు, ఊరికే ఏడ్చింది. ఆ పిల్లకు అదే ఎక్కువ తగిలిందేమో.

మూడు వారాల తర్వాత స్కానింగ్ రిపోర్టు సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. మళ్లీ కడుపు ఎప్పుడొస్తుందని అడగలేదు. "సిస్టరమ్మా, నేను కొండకు నడవకుండా ఉంటే నిలబడేదా?" అని అడిగింది.

రిపోర్టు తీసి చూశాను. చివరి బహిష్టు తేదీ లెక్కన తొమ్మిదో వారం. లోపల బిడ్డ సైజు మాత్రం ఆరున్నర వారాలదే. అంటే ఎదుగుదల అప్పుడే ఆగిపోయింది. ఆమె కొండెక్కింది ఎప్పుడు? ఎనిమిదో వారంలో. వేలు పెట్టి చూపించాను. నువ్వు మొదటి మెట్టు మీద కాలు పెట్టేనాటికే అయిపోయిందమ్మా, మెట్లు ఎక్కినందుకు కాదు అన్నాను. ఇంకోసారి చెప్పమంది. మెట్లు ఎక్కినందుకు కాదు. మళ్లీ చెప్పమంది. మూడోసారి కూడా చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

కడుపని తెలిసిన ప్రతి పది మందిలో ఒకరికో ఇద్దరికో ఇలా జరుగుతుంది. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం దాకా, పిండంలో క్రోమోజోముల, అంటే తల్లిదండ్రుల లక్షణాలను మోసే పోగుల, లెక్క మొదట్లోనే తప్పడం వల్ల పోయేవే. నడక వల్లా కాదు, బిందె ఎత్తినందుకూ కాదు. ఒకసారి పోయినవాళ్లలో చాలామందికి తర్వాతి కాన్పు మామూలుగానే అవుతుంది. రెండు మూడు సార్లు పోతే మాత్రం కారణం వెతకాలి. థైరాయిడ్, షుగర్ లాంటివన్నీ చూస్తారు.

ఎప్పుడు ప్రయత్నించాలి అన్న మాట తర్వాత వచ్చింది. అత్త ఏడాది ఆగమంది. అమ్మ వచ్చే నెలే అంది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 6 నెలలు ఆగమని చెప్పింది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అంతకంటే ముందే కడుపొచ్చినవాళ్లకు నష్టమేమీ కనిపించలేదు. ఇప్పుడు చాలామంది డాక్టర్లు, రక్తస్రావం పూర్తిగా ఆగి, ఒకసారి మామూలుగా బహిష్టు అయ్యాక, మనసు సిద్ధంగా ఉంటే సరే అంటున్నారు. గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో గర్భం వచ్చి దానికి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు, బిడ్డకు బదులు ద్రాక్షగుత్తిలాంటిది పెరిగినవాళ్లు ఇంకా ఆగాలి. ఎన్నాళ్లో వాళ్ల డాక్టరే చెప్పాలి. ఇంకొక్క మాట. బహిష్టు రాకముందే, రెండు వారాలకే అండం విడుదల కావచ్చు. వెంటనే వద్దనుకునేవాళ్లు అది మరిచిపోకండి.

మనసు సిద్ధంగా అంటే ఏమిటని ఆ పిల్ల అడిగింది. నాకూ సరిగ్గా తెలియదన్నాను. మళ్లీ కడుపు ఎప్పుడన్నది డాక్టరును అడగాల్సిన ప్రశ్న. దాన్ని మనవాళ్లు పెళ్లి పందిట్లో అడుగుతారు, "ఏమైనా విశేషమా?" అని. నాకది నచ్చదు. నేనూ ఒకప్పుడు అడిగినదాన్నే.

ఆమెకు నేను చెప్పిన పని ఒక్కటే. ఫోలిక్ యాసిడ్ మాత్ర. రోజుకు 400 మైక్రోగ్రాములు. దీనివల్ల కడుపు పోకుండా ఆగుతుందని చెప్పను. బిడ్డ వెన్నులో, మెదడులో వచ్చే లోపాలను చాలావరకు తగ్గిస్తుంది. బిడ్డకు వెన్ను, మెదడు అయ్యే గొట్టం పిండం ఏర్పడిన నాలుగో వారానికే మూసుకుపోతుంది. అప్పటికి నెల తప్పి రెండు వారాలు. కొందరికి అప్పటికింకా అనుమానమే తీరదు. అందుకే నెల తప్పాక కాదు, అంతకు కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. వినండి, నెల తప్పాక కాదు, ముందే. మూడో నెల నిండేదాకా ఆపకూడదు. ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ కావచ్చు, డాక్టరును అడిగి వేసుకోవాలి.

పక్కనే మొగుడు కూర్చుని ఉన్నాడు. అంతవరకూ నోరు విప్పని మనిషి ఫోను తీసి, రాత్రి తొమ్మిదికి అలారం పెట్టాడు.

మొన్న కూరగాయల మార్కెట్టులో ఆమె ఎదురైంది. విశేషమేమిటని నేను అడగలేదు. ఆమే "మాత్ర మాత్రం మానలేదు సిస్టరమ్మా" అని నవ్వి, తోటకూర కట్ట ఎంతని బేరానికి దిగింది.