అడ్మిషన్ గదిలో ఇంగ్లీషు పరీక్ష

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, ఆయన పుట్టిన జిల్లాలో నిలబడి ఇంగ్లీషు మీడియం గురించి మాట్లాడతానంటే సభ పెట్టినవాళ్లు నన్ను అదోలా చూశారు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పెన్షన్ తింటున్నవాణ్ణి, ఇంకేం మాట్లాడను?

మా మనవరాలికి ఏడేళ్లు. రెండో తరగతిలో చేర్చడానికి ఒక ఇంటర్నేషనల్ స్కూలుకు తీసుకెళ్లాం. "లాస్ట్ వీకెండ్ ఏం చేశావు?" అని మేడమ్ ఇంగ్లీషులో అడిగారు. పిల్ల నోరు విప్పలేదు. ఇంగ్లీషు చాలదు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు.

తిరుగు బస్సులో మెల్లగా అడిగింది: "తాతా, వీకెండ్ అంటే ఏటి?" శని, ఆదివారాలమ్మా అన్నాను. అంతే, శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగేదాకా ఆ శని, ఆదివారాల్లో చూసొచ్చిన కళింగపట్నం కబుర్లే. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ల రంగు ఎందుకు మారింది, లైట్‌హౌస్ పగలెందుకు వెలగదు... నాకు జవాబులు తడుముకోవాల్సొచ్చింది. ఆ గదిలో మాత్రం పిల్లకి ఏమీ రాదని తేలింది!

ఇక్కడో సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ ఇలా వడపోయకూడదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించే చట్టమిది. మొదటిసారి తప్పు చేస్తే 25 వేల రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. మేమూ ఆవేళ చేతులు కట్టుకునే కూర్చున్నాం లెండి.

అసలు పరీక్షే వద్దని నేననను. పై తరగతుల్లో సైన్సు, చరిత్ర ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి కొంత భాష అడగడం న్యాయమే. భాష ఎంత వచ్చో చూడ్డానికి యూరప్‌వాళ్లు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలత పెట్టుకున్నారు. పిల్ల ఏ మెట్టు మీదుందో చూసి, పై మెట్టు ఎక్కించడానికి విడిగా ఇంగ్లీషు క్లాసు పెడితే ఆ కొలతకు అర్థముంది. దానికి ఓపిక కావాలి. మాటల ఇంగ్లీషు రెండేళ్లలో పట్టుబడుతుందని, పాఠాల ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ ఏనాడో చెప్పాడు. మనం ఏడేళ్ల పిల్లని అయిదు నిమిషాల్లో తేల్చేస్తున్నాం.

గిడుగు వారు పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. మీకు తెలుగు వచ్చాక రండి అనలేదు. తానే సవర భాష నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు.

మొన్న ఇంకో స్కూలుకు వెళ్లి, ఫీజుల సంగతి ఎత్తకముందే అడిగాను: "ఇంగ్లీషు రాని పిల్ల చేరితే మొదటి ఆరు నెలలూ మీరేం చేస్తారు?" ఆఫీసులో అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "ట్యూషన్ పెట్టించుకుంటారండి" అన్నాడు. అప్లికేషన్ ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.