చేతికి ఒక నల్ల పట్టీ

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2024 డిసెంబరు 27న మెల్‌బోర్న్ టెస్టు రెండో రోజు ఆటకు మన క్రికెటర్లు చేతికి నల్ల పట్టీలతో దిగారు. ముందురోజు రాత్రే మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్ కన్నుమూశారు. 2022లో లతా మంగేష్కర్ పోయినప్పుడు అహ్మదాబాద్‌లోనూ ఇలాగే కట్టుకున్నారు. ఆ పట్టీని మనం చూస్తాం, ఎవరి కోసమో తెలుసుకుంటాం, మళ్ళీ స్కోరులో పడిపోతాం. ఈ రోజు కాసేపు అక్కడే ఆగుదాం. ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పిన మా మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, మన ఇళ్ళలో ఎవరైనా పోతే ఇలా పట్టీ కట్టుకునే అలవాటు లేదు కదా?

మాస్టారు: లేదమ్మా. మనకు మైల ఉంది, పెద్దకర్మ ఉంది. కొడుకు గుండు చేయించుకుంటాడు. ఆ గుండు చూస్తే వీధిలో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఎవరు నాయనా?" అని మెల్లగా అడుగుతారు. నల్ల పట్టీ యూరప్ నుంచి వచ్చింది. అక్కడ శోకానికి నలుపు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861లో పోతే, 1901లో తాను పోయేదాకా ఆమె నల్ల దుస్తులు విడవలేదు. రాణి గనక సాగింది. పొద్దున్నే పనికి వెళ్ళాల్సిన వాడి సంగతేమిటి? యూనిఫాం తీయడానికి వీల్లేని సిపాయి సంగతేమిటి? అలాంటి వాళ్ళకు చేతికి చుట్టుకునే గుడ్డ ముక్క దారి చూపింది.

వ్యాఖ్యాత: అంటే పని మానలేని వాళ్ళ సంతాపం అన్నమాట.

మాస్టారు: సరిగ్గా అదే. 1799 డిసెంబరులో జార్జ్ వాషింగ్టన్ చనిపోయినప్పుడు, ప్రజలు ముప్పై రోజుల పాటు ఎడమ చేతికి నల్ల క్రేప్ గుడ్డ కట్టుకోవాలని అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. చూడు, దుకాణం మూయమనలేదు, పొలం ఆపమనలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, బిడ్డను పోగొట్టుకున్న తల్లులు నల్ల పట్టీ మీద బంగారు రంగు నక్షత్రం కుట్టుకోవడానికి అధ్యక్షుడు విల్సన్ సమ్మతించాడు. చైనాలో మావో పోయిన 1976లో ఊళ్ళకు ఊళ్ళు నల్ల పట్టీలతో కనిపించాయి. కానీ నేను చెప్పాలనుకుని వచ్చింది వీటి గురించి కాదు. జింబాబ్వే రాజధాని హరారే గురించి.

వ్యాఖ్యాత: జింబాబ్వే క్రికెటర్లు హెన్రీ ఒలోంగా, ఆండీ ఫ్లవర్.

మాస్టారు: ఆ ఇద్దరే. మనవాళ్ళకు బాగా తెలిసినవాళ్ళే. 1999 ప్రపంచకప్‌లో లీస్టర్‌లో ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీసి మూడు పరుగుల తేడాతో మనల్ని ఓడించింది ఒలోంగానే. అంతకు ముందు ఏడాది షార్జా ఫైనల్లో సచిన్ చేతిలో చావుదెబ్బ తిన్నదీ అతనే. ఫ్లవర్ 2000లో నాగ్‌పూర్ టెస్టులో 232 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు. జింబాబ్వే తరఫున ఆడిన తొలి నల్లజాతి క్రికెటర్ ఒలోంగా. ఆ జట్టుకు దొరికిన అత్యుత్తమ బ్యాటర్, తెల్లవాడు ఫ్లవర్. 2003 ఫిబ్రవరి 10న, ప్రపంచకప్‌లో సొంతగడ్డపై తమ మొదటి మ్యాచ్, నమీబియాతో. ఆట మొదలయ్యే ముందు విలేకరుల చేతికి ఒక ప్రకటన వచ్చింది. మా ప్రియమైన జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చనిపోయింది, అందుకు సంతాపంగా నల్ల పట్టీలు కట్టుకుంటున్నాం, అని.

వ్యాఖ్యాత: అధ్యక్షుడు ముగాబే గద్దె మీద ఉండగా, ఆయన రాజధానిలోనే!

మాస్టారు: ఆ మైదానం అధ్యక్ష నివాసానికి ఎంతో దూరం లేదు. ఇద్దరినీ కలిపి చూడమ్మా. తెల్లవాడు ఒక్కడే కట్టుకుని ఉంటే, "తెల్లవాళ్ళ భూములను ప్రభుత్వం లాక్కుందన్న బాధ వీళ్ళది" అని కొట్టిపారేసేవాళ్ళు. నల్లవాడు ఒక్కడే అయితే అతన్ని విడదీసి నలిపేసేవాళ్ళు. అందుకని ఇద్దరూ కలిసి నిలబడ్డారు. ఫ్లవర్ నల్ల పట్టీతో బ్యాటింగ్‌కు వచ్చి 39 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్ జింబాబ్వే గెలిచింది. మామూలుగానే ఆడారు, మామూలుగానే గెలిచారు. ఎవరినీ తిట్టలేదు, ఆట ఆపలేదు. ఏడుస్తున్నాం అన్నారు, అంతే. ఏడ్చేవాడి మీద ఏ సెక్షన్ కింద కేసు పెడతావు? నాకు ఆ పట్టీలో కనిపించే బలం అదే.

వ్యాఖ్యాత: అయినా శిక్ష తప్పలేదు కదా మాస్టారూ.

మాస్టారు: తప్పలేదు. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీసీ చర్య తీసుకోలేదు గానీ మళ్ళీ కట్టుకోవద్దని చెప్పింది. ఒలోంగాను జట్టులోంచి పక్కన పెట్టారు. బెదిరింపులు వచ్చాయి. దేశద్రోహం మోపితే అప్పట్లో అక్కడ ఉరిశిక్ష దాకా వెళ్ళేది. అప్పుడు జింబాబ్వేలోనే మరో నగరం బులవాయోలో వాన పడింది. పాకిస్థాన్‌తో మ్యాచ్ తేలకుండా పోయి, వచ్చిన పాయింట్లతో జింబాబ్వే తర్వాతి దశ సూపర్ సిక్స్‌కు చేరింది. ఆ మ్యాచ్‌లు దక్షిణాఫ్రికాలో. జట్టుతో పాటు అతనూ సరిహద్దు దాటగలిగాడు. మార్చి 15న ఈస్ట్ లండన్‌లో శ్రీలంకతో మ్యాచ్ ఫ్లవర్‌కు ఆఖరిది. ఒలోంగా కూడా ఆ ప్రపంచకప్ తర్వాత జింబాబ్వేకు ఆడలేదు. ఫ్లవర్ ఇంగ్లండ్‌లో ఎసెక్స్‌కు ఆడటానికి వెళ్ళిపోయాడు. ఒలోంగా కూడా ఇంగ్లండ్ చేరాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్ళు. ఒక ఫాస్ట్ బౌలర్‌కు అసలైన వయసు అది. నాకు ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

వ్యాఖ్యాత: మన ఉద్యోగులు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని విధులకు హాజరయ్యారని పత్రికల్లో చదువుతుంటాం. అదీ ఇదీ ఒకటేనా?

మాస్టారు: ఒకే తల్లి బిడ్డలు. విధులకు హాజరయ్యారు అన్న మాట గమనించావా? పని జరుగుతూనే ఉంటుంది, నిరసన కనిపిస్తూనే ఉంటుంది. అయితే జీతాల కోసం పెట్టిన బ్యాడ్జీలో చావు లేదు. పట్టీకి గౌరవం వచ్చింది చావు నుంచే. అమెరికాలో అయోవా రాష్ట్రం, డెమాయిన్ పట్టణంలో 1965 డిసెంబరులో కొందరు పిల్లలు నల్ల పట్టీలతో బడికి వెళ్ళారు. వాళ్ళలో మేరీ బెత్ టింకర్‌కు పదమూడేళ్ళు. వియత్నాం యుద్ధంలో రెండు వైపులా చనిపోయిన వాళ్ళ కోసం కట్టుకున్నారు. శత్రువు కోసం కూడా! బడి వాళ్ళను ఇంటికి పంపించేసింది. సుప్రీంకోర్టు 1969లో ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. ఆ బడులు మిగతా రాజకీయ గుర్తులను చూసీ చూడనట్టు వదిలేసి, ఈ ఒక్క పట్టీనే నిషేధించాయని కోర్టు ఎత్తి చూపింది.

వ్యాఖ్యాత: 2023లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా విషయంలోనూ, మిగతావాళ్ళను వదిలి ఒక్కడినే పట్టుకున్నారన్న అదే వాదన వచ్చింది కదా?

మాస్టారు: పెర్త్ టెస్టులో, పాకిస్థాన్ మీద. గాజా ప్రజల కోసం బూట్ల మీద అతను రాసుకున్న మాటలకు ఐసీసీ ఒప్పుకోలేదు. అతను నల్ల పట్టీతో ఆడాడు. సొంత మనిషిని పోగొట్టుకున్నందుకు కట్టుకున్నానన్నాడు. ముందస్తు అనుమతి లేదని ఐసీసీ మందలించింది. అప్పీలు చేసుకున్నా 2024 జనవరిలో తోసిపుచ్చారు. సంతాపానికి కూడా అనుమతి అడగాలా?

వ్యాఖ్యాత: నేను ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను మాస్టారూ. ఏ నియమమూ లేకపోతే రేపు ప్రతి మ్యాచ్ ఒక ప్రచార వేదిక అయిపోదా?

మాస్టారు: నీ భయం అర్థమైందమ్మా. వ్యాపార ప్రకటనలకు, పార్టీ గుర్తులకు ఎంత కఠినమైన నియమమైనా పెట్టనీ, నేను అడ్డు చెప్పను. కానీ నాకు ఎవరు పోయారో, ఎవరి కోసం ఏడవాలో ఒక కార్యాలయం మంజూరు చేయడం నాకు మింగుడు పడదు. మాజీ ఆటగాడు పోతే అనుమతి వెంటనే వస్తుంది. పేరు లేనివాళ్ళు పోతే ఫైలు కదలదు. ఒలోంగా, ఫ్లవర్ అనుమతి అడిగి ఉంటే ఆ రోజు హరారేలో ఏం జరిగేదో నువ్వే ఆలోచించు.

వ్యాఖ్యాత: అయితే మీరే నియమం రాస్తే ఎలా రాస్తారు?

మాస్టారు: సాదా నల్ల గుడ్డ. దాని మీద అక్షరం ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. ఎవరి కోసమో ఆటగాడు ఆట ముందు మ్యాచ్ రిఫరీకి చెప్పాలి. చెప్పాలి అంటున్నాను, అడగాలి అనడం లేదు.