జేజి (అవ్వ) పుట్టింటి జాడ: బ్రిటిష్ కాలపు స్త్రీ వంశాన్ని పాత కాగితాల్లో వెతకడం

నమస్కారం. బ్రిటిష్ పాలనలో మన కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో బతికిన ఒక స్త్రీ పుట్టింటి వంశాన్ని పాత కాగితాల్లో ఎలా వెతకాలో ఈ వీడియోలో చూపిస్తాను. మగవారి వంశం చాలా ఇళ్లలో నాలుగైదు తరాల దాకా పెద్దల నోట వస్తుంది కానీ, ఆ ఇంటికి కోడలిగా వచ్చినామె మాత్రం ఒట్టి సుబ్బమ్మగానో ఓబులమ్మగానో మిగిలిపోయి, ఏ ఊరి ఆడపడుచో చెప్పేవారు లేకుండా పోతారు. ఈ లోటు చాలావరకు పూడ్చదగినదేనని నా గట్టి నమ్మకం. భూమి ఆమె చేతికి వచ్చినప్పుడూ, ఆమె చేయి దాటినప్పుడూ, ఆమె ఎవరి భార్యో, కొన్నిచోట్ల ఎవరి కూతురో రాయించుకునేవారు.

పని ఇంట్లోనే మొదలుపెట్టండి. పెద్దలను ఆమె ఇంటిపేరు ఏమిటని నేరుగా అడిగితే చాలాసార్లు తెలియదంటారు. పురుళ్లకు ఏ ఊరు వెళ్లేవారు, సారె ఎక్కడినుంచి వచ్చేది, మేనమామలు ఎవరు అని అడిగితే ఊరి పేరు బయటపడుతుంది. మహాలయ పక్షంలో తర్పణం వదిలే ఇళ్లలో తండ్రి వైపు మూడు తరాలతో పాటు తల్లి పుట్టింటి వైపు మూడు తరాల పేర్లు, గోత్రంతో సహా చెబుతారు కాబట్టి, ఆ పేర్లు రాసిపెట్టుకున్న పాత నోటుపుస్తకం ఉందేమో చూడండి. ఊళ్లకు వచ్చి గోత్రాలు, వంశాలు చెప్పే వంశరాజుల నుంచి విన్నది కూడా రాసుకోండి. అయితే దాన్ని కాగితంతో సరిచూసుకున్న తర్వాతే వంశవృక్షంలో చేర్చండి.

ఊరు తెలిశాక, ఆ కాలంలో అది ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోవాలి. నిజాం 1800లో ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది కనుక, అంతకు ముందటి కాగితాలను బళ్లారి పేరు మీద వెతకాలి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారిలోనే ఉండేవి. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు కడప జిల్లాలోది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు రికార్డులు ఎన్నో చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. తెరపై కనిపిస్తున్నది పాత పద్ధతిని చూపడానికి నేను తయారుచేసిన నమూనా విక్రయ పత్రం. మొదటి వరుసలో ఫసలీ 1310, శార్వరి నామ సంవత్సరం అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే 1900 వస్తుంది. ఆ ఫసలీ 1900 జూలైలో మొదలై మరుసటి జూన్‌లో ముగుస్తుంది. శార్వరి కూడా 1900 ఉగాదితోనే వచ్చింది కాబట్టి రెండూ సరిపోయాయి. సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల వెనుకటి శార్వరితో పొరబడే ప్రమాదం ఉంది.

రెండో వరుసలో "ఓబులరెడ్డి భార్య సుబ్బమ్మ" అని మాత్రమే ఉంది, తండ్రి పేరు లేదు. చాలామంది ఇక్కడే కాగితం మూసేస్తారు, దయచేసి అలా చేయకండి. కిందికి రండి: "నా పుట్టినింటివారు పసుపు కుంకుమల కింద యిచ్చిన భూమి" అని ఉంది. అంటే ఈ చేను ఒకప్పుడు ఆమె తండ్రిదో అన్నదమ్ములదో అయి ఉండాలి. ఇప్పుడు చెక్కుబందీ, అంటే భూమికి నాలుగు వైపులా ఉన్న హద్దులు, చదవండి. తూర్పున ఒక రైతు చేను, దక్షిణాన వంక, పడమట, ఉత్తరాన ఒకే ఇంటిపేరు గల ఇద్దరి భూములు. పెద్ద చేనులోంచి ఒక చెక్క కోసి కూతురికి ఇస్తే, పక్కన మిగిలేది పుట్టింటివారి భూమే. చివర సుబ్బమ్మ నిశాని (సంతకానికి బదులు పెట్టిన గుర్తు), దాని కింద సాక్షుల వ్రాళ్లు (సంతకాలు) ఉన్నాయి. వారిలో ఒకరిది అదే ఇంటిపేరు. ఇక ఆ సర్వే నెంబరు పట్టుకుని, రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే శిస్తు మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన భూమి లెక్కలో, పాత పట్టాదారు ఎవరో చూస్తే తండ్రి పేరు దాకా చేరే అవకాశం ఉంది.

ఇనాం భూమి (శిస్తు లేకుండా లేదా తగ్గించి దానంగా ఇచ్చిన భూమి) ఉన్న కుటుంబమైతే మీ పని మరింత సులువవుతుంది. మద్రాసు ఇనాం కమిషన్ 1858లో ఏర్పడింది. అది తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదటి ఇనాందారుతో ఉన్న చుట్టరికం రాశారు. భర్త పోయిన స్త్రీ అనుభవదారుగా ఉన్నచోట ఆ గడి ఎంతో విలువైనది.

క్రైస్తవ కుటుంబాలవారు చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడాలి. యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ స్త్రీలకైతే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు చర్చి రిటర్నులు (చర్చిలు పంపిన బాప్తిస్మ, వివాహ, ఖనన నమోదుల నకళ్లు) ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మనవరాలికి జేజి పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు సుబ్బమ్మలు ఉంటారు. మేనరికం వల్ల అవే రెండు ఇంటిపేర్లు తరతరాలుగా తిరుగుతుంటాయి. వయసు, ఊరు, భర్త పేరు, సర్వే నెంబరు, వీటిలో కనీసం రెండు కలిస్తే తప్ప ఇద్దరినీ ఒకరిగా రాయకండి. 1876లో మొదలైన ధాత కరువులో మన జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు చెదిరిపోయాయి కాబట్టి, ఆ ఏళ్ల దగ్గర జాడ తెగితే పక్క తాలూకాల్లో కూడా అదే ఇంటిపేరు వెతకండి.

ఇలాంటి పాత పత్రాల నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లేటప్పుడు ఊరి పేరు, భర్త పేరు, సుమారు సంవత్సరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. స్థిరాస్తి పత్రాలుండే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. పేర్ల సూచికలో ముందు భర్త పేరు చూడండి, తర్వాత ఆమె పేరు, ఆ తర్వాత చెక్కుబందీలో దొరికిన ఇంటిపేరు.