హెచ్‌డీఎల్ మరీ ఎక్కువగా ఉంటే

అందరికీ నమస్కారం.

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది ముందు హెచ్‌డీఎల్ ఎంతుందో చూసుకుంటారు. 90, 100 కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. మంచి కొలెస్ట్రాల్ ఇంత ఉంటే ఇక గుండెకు ఢోకా లేదనుకుంటారు. ఆ ధీమా వద్దని చెప్పడానికే ఈరోజు మీ ముందుకు వచ్చాను.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన పరిశోధకులు, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని 1977లో చూపించారు. అది ఇప్పటికీ నిజమే. మగవాళ్లలో 40, ఆడవాళ్లలో 50 కంటే తగ్గితే డాక్టర్లు ఆలోచిస్తారు. కానీ తగ్గితే చెడు కాబట్టి ఎంత పెరిగితే అంత మేలని అందరం అనేసుకున్నాం.

మందుల కంపెనీలూ అలాగే అనుకున్నాయి. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని 70 శాతం పైగా పెంచింది. దాదాపు 15 వేల మంది మీద జరుగుతున్న ఆ ప్రయోగాన్ని 2006 డిసెంబరులో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందు వేసుకున్నవాళ్లలోనే ఎక్కువ మంది చనిపోయారు. ఆ మందు బీపీని కూడా పెంచుతుంది కాబట్టి తప్పంతా దానిదే అన్నారు. సరే అనుకుందాం. ఆ తర్వాత అదే కోవకు చెందిన డాల్సెట్రాపిబ్, ఎవాసెట్రాపిబ్ వచ్చాయి, హెచ్‌డీఎల్‌ని పెంచే మరో మందు నియాసిన్‌ని 25 వేల మందికి పైగా ఉన్న ప్రయోగంలో పరీక్షించి చూశారు. హెచ్‌డీఎల్ పెరిగింది గానీ గుండెపోట్లు తగ్గలేదు.

ఎందుకిలా? హెచ్‌డీఎల్ రక్తనాళాల గోడల్లోంచి కొలెస్ట్రాల్‌ని ఎత్తుకుని కాలేయానికి చేరుస్తుంది. మన పరీక్ష కొలిచేది ఆ పని ఎంత జరుగుతోందని కాదు, ఆ క్షణాన హెచ్‌డీఎల్ కణాల్లో ఎంత కొలెస్ట్రాల్ ఉందన్నది మాత్రమే. రోడ్డు మీద నిండు చెత్తబండ్లు బారులు తీరి ఉంటే ఊరు శుభ్రంగా ఉన్నట్టా, లేక డంపింగ్ యార్డు గేటు మూసేసినట్టా? కొందరి శరీరంలో రెండోదే జరుగుతుంది. కాలేయం మీద హెచ్‌డీఎల్ నుంచి కొలెస్ట్రాల్‌ని దింపుకునే ఒక గ్రాహకం ఉంటుంది. దాని జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు హెచ్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉంటుంది, గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుందని 2016లో బయటపడింది.

2017లో డెన్మార్క్ పరిశోధకులు లక్షమందికి పైగా వివరాలు పరిశీలించారు. మరణాలు అతి తక్కువగా ఉన్నది మగవాళ్లలో 73 దగ్గర, ఆడవాళ్లలో 93 దగ్గర. అక్కణ్ణుంచి పైకి వెళ్లేకొద్దీ మళ్లీ పెరిగాయి. మగవాళ్లలో 116 దాటినవాళ్లకు ముప్పు సుమారు రెట్టింపు. హెచ్‌డీఎల్లే మనిషికి హాని చేస్తోందనడానికి ఇది రుజువు కాదు, దాన్ని అంతగా పెంచుతున్న కారణమే హాని చేస్తుండొచ్చు. అందుకే నేను కారణం వెతకమంటాను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది మద్యం గురించి. రోజూ తాగేవాళ్లకు హెచ్‌డీఎల్ పెరుగుతుంది. అది చూసి మద్యం గుండెకు మంచిదని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అదే మద్యం కాలేయాన్ని, గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఈస్ట్రోజెన్ మాత్రలు, కొన్ని ఫిట్స్ మందులు, పైత్యనాళాలకు వచ్చే ఒక రకం కాలేయ జబ్బు, వంశపారంపర్యం, ఇవీ కారణాలే. బాగా వ్యాయామం చేసేవాళ్లకూ కాస్త పెరుగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు ఒక రిపోర్టు చూద్దాం. మొత్తం కొలెస్ట్రాల్ 250, హెచ్‌డీఎల్ 95, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 100, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 135. మొత్తాన్ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే 2.6 వస్తుంది, నిష్పత్తి బ్రహ్మాండంగా ఉందని రిపోర్టు పక్కన పెట్టేస్తారు. భాగించకండి, తీసేయండి. 250లోంచి 95 పోతే 155. రక్తనాళాల్లో పేరుకునే రకాలన్నీ కలిపిన అంకె అది. ఈ మనిషికి షుగరో, బీపీయో, పొగతాగే అలవాటో ఉంటే, లేదా ఇంతకుముందు గుండెపోటు వచ్చి ఉంటే, 155 చాలా ఎక్కువ. 95 ఉందన్న ధైర్యంతో కొలెస్ట్రాల్‌ని తగ్గించే స్టాటిన్ మాత్ర మానేయడం ప్రమాదం.

హెచ్‌డీఎల్‌ని తగ్గించడానికి మందులేమీ వాడక్కర్లేదు. 100 దాటి కనిపిస్తే మరోసారి పరీక్ష చేయించండి. మీరు వాడే మాత్రలన్నీ, తాగే అలవాటు ఉంటే అదీ దాచకుండా డాక్టరుకు చెప్పండి. లివర్ పరీక్ష అవసరమేమో అడగండి. ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లుంటే ఆ సంగతి కూడా చెప్పండి.