డావిన్చీ రిజాల్వ్ ఫ్యూజన్: రెండు వారాలు, ఒక్క స్లైడర్

అందరికీ నమస్కారం. ద్వారకా నగర్‌లో ఒక షాపు వాళ్లు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌కి డబ్బు కట్టి కొనే వెర్షన్ స్టూడియో, దాన్ని తెరిచే యూఎస్‌బీ తాళం, అంటే డాంగిల్, చేతికిచ్చి, రెండు వారాలు వాడి వీడియో చెయ్యమన్నారు. డబ్బులేమీ తీసుకోలేదు, శనివారం డాంగిల్ తిరిగిచ్చేయాలి. ధర, ఫీచర్లు మీరు ఈపాటికి చాలా చోట్ల చూసే ఉంటారు, అవి మళ్లీ చదవను. ఈ రెండు వారాల్లో ఎక్కువ రాత్రులు నేను అందులో ఎఫెక్ట్స్ చేసే ఫ్యూజన్ పేజీలో ఒకే ఒక్క స్లైడర్ దగ్గర కూర్చున్నాను. ఈ రోజు దాని గురించే.

ముందు ఈ షాట్ చూడండి. విశాఖ బీచ్ రోడ్డు మీద నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ. మా షార్ట్ ఫిల్మ్ కోసం సాయంత్రం తీశాం, అప్పటికి లైట్‌హౌస్ దీపం ఇంకా వెలగలేదు. కథకేమో అది మెరవాలి. సాఫ్ట్ గ్లో నోడ్ పెడితే మెరుపు వచ్చేసింది (ఫ్యూజన్‌లో ఒక్కో ఎఫెక్ట్ ఒక్కో నోడ్, అంటే ఒక డబ్బా). అసలు పని ఆ తర్వాతే మొదలైంది. ఎనిమిది ఫ్రేములు వెలగాలి, టక్కున ఆరిపోవాలి, ఐదు సెకన్లకొకసారి మళ్లీ అదే జరగాలి.

కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నోడ్‌ని ఆపేసే స్విచ్ కళ్లెదుటే ఉంటుంది, కంట్రోల్ పి కొడితే చాలు. కానీ ఆ స్విచ్ మొత్తం షాట్‌కి వర్తిస్తుంది, దానికి కీఫ్రేమ్ పడదు, అంటే ఫలానా ఫ్రేములో ఈ విలువ ఉండాలని గుర్తు పెట్టలేం. అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫెక్ట్‌ని ఆపే ఎఫ్ఎక్స్ గుర్తూ అంతే. నేను పని నేర్చుకున్న కొత్తలో లేయర్‌ని ముక్కలు కోసి, కావలసిన ముక్కకే ఎఫెక్ట్ పెట్టేవాణ్ణి. ఇరవై మెరుపులుంటే దగ్గర దగ్గర నలభై ముక్కలు. అంతా అయ్యాక డైరెక్టర్ వచ్చి, "రెండు ఫ్రేములు ముందుకి జరపండి" అంటే ఆ రాత్రికి నిద్ర లేనట్టే. 2014లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రతి ఎఫెక్ట్ కిందా ఎఫెక్ట్ ఒపాసిటీ (ఎఫెక్ట్ ఎంత కనపడాలో చెప్పే విలువ) వచ్చాక ఆ కోత పని తప్పింది. దానికి కీఫ్రేములు పెట్టుకోవచ్చు.

సినిమా ఎఫెక్ట్స్‌కి వాడే న్యూక్ అనే సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లకి ఈ బాధ తెలియదు. అందులో డిజేబుల్ అనే స్విచ్‌నే నేరుగా యానిమేట్ చేయొచ్చు. నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి అదే.

ఇప్పుడు ఫ్యూజన్. నోడ్ సెట్టింగ్స్ ట్యాబ్‌లోకి వెళ్తే బ్లెండ్ అని ఒక స్లైడర్ ఉంటుంది. ఒకటి దగ్గర ఉంటే ఎఫెక్ట్ పూర్తిగా పడుతుంది. సున్నా దగ్గర ఉంటే వచ్చిన బొమ్మ వచ్చినట్టే బయటికి పోతుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇది: సున్నాకి రాగానే ఆ నోడ్ లెక్కలు కట్టడమే మానేస్తుంది. పని చేసి కనపడకుండా దాచడం కాదు, నిజంగా ఆగిపోతుంది. నా పాత కంప్యూటర్‌లో దీపం ఆరిన ఫ్రేముల దగ్గర ప్రీవ్యూ చకచకా పరిగెత్తింది. ప్రాసెస్ వెన్ బ్లెండ్ ఈజ్ 0.0 అని అక్కడే ఒక టిక్ బాక్స్ ఉంటుంది, దాన్ని మాత్రం ఖాళీగానే ఉంచండి.

చిరాకు తెప్పించేది ఒకటుంది. ఒకటి నుంచి సున్నాకి కీఫ్రేములు పెడితే, మధ్యలో విలువ మెల్లగా జారుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా స్లైడర్ తీరు ఇంతే, కానీ ఆన్-ఆఫ్ పనికి ఇది విషం. పెందుర్తిలో ఒక పెళ్లి టీజర్ చేశాను. డోలు దెబ్బకి సీరియల్ లైట్లు ఆరి వెలగాలి. కీఫ్రేముల మధ్య జారుడుని నేను గమనించలేదు. టీవీ మీద వేయగానే పెళ్లికొడుకు మేనమామగారు, "దెబ్బకి లైట్లు అందట్లేదు బాబూ" అన్నారు. సరిగ్గా పట్టుకున్నారు.

దీనికి మందు ఫ్యూజన్ స్ప్లైన్ ఎడిటర్‌లో ఉంది, కీఫ్రేముల మధ్య విలువ ఎలా మారుతుందో గీతగా చూపించేది అదే. కీఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి స్టెప్ ఇన్ గానీ, స్టెప్ అవుట్ గానీ నొక్కండి. ఏటవాలు గీత మెట్లుగా మారిపోతుంది. మార్పు ఏ కీఫ్రేము దగ్గర జరగాలన్నదే రెండింటికీ తేడా, నొక్కి చూస్తే వెంటనే అర్థమవుతుంది. కానీ ప్రతిసారీ మనమే గుర్తుపెట్టుకుని ఇది చెయ్యాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చెక్‌బాక్స్ కంట్రోల్‌కి పెట్టిన కీఫ్రేములు వాటంతటవే హోల్డ్‌గా పడతాయి, అంటే తర్వాతి కీఫ్రేము దాకా విలువ కదలదు. అలాంటి చిన్న టిక్ బాక్స్ ఒకటి బ్లెండ్ పక్కన ఇస్తే ఎంత బాగుండు!

మా లైట్‌హౌస్‌కి చివరికి కీఫ్రేములే వాడలేదు. మెరుపు ఒకే లయలో వస్తుంది కదా, బ్లెండ్‌కి ఎక్స్‌ప్రెషన్, అంటే విలువని లెక్కగట్టే చిన్న సూత్రం, రాశాను. మాది సెకనుకి 25 ఫ్రేములు, ఐదు సెకన్లంటే 125. ఫ్రేమ్ నంబరుని 125తో భాగిస్తే మిగిలే శేషం ఎనిమిది కంటే తక్కువైతే ఒకటి, లేకపోతే సున్నా. ఒక్క లైను. డైరెక్టర్‌గారు వేగం మార్చమంటే ఒక్క అంకె మారుస్తాను.

డాంగిల్ ఇచ్చినవాళ్లకి కూడా ఈ మాట చెప్పాను: ఈ బ్లెండ్ కోసం స్టూడియో కొనక్కర్లేదు, ఫ్రీ వెర్షన్‌లోనే ఉంది. ముక్కలు కోసే పద్ధతిలో ఇంకా అవస్థ పడుతున్నవాళ్లు ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి. నాకు ఈ ఒక్క స్లైడర్ చాలు, నేను ఫ్యూజన్‌కి మారిపోయాను.

ఇదిగో పూర్తయిన షాట్. దీపం ఆరే క్షణం దగ్గర నీళ్లలో ప్రతిబింబం కూడా చూడండి, దానికీ అదే లైను.