నాన్ అటెండింగ్ అయినా పరవాలేదా మేడం? బి.ఎడ్ మీద ఫోన్-ఇన్

నిర్వాహకుడు: నమస్కారం. ఈ గంటంతా బి.ఎడ్ కబుర్లే. బి.ఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కి దరఖాస్తుల కాలం కదా, పొద్దుటి నుంచీ ఫోన్లు ఆగడం లేదు. జవాబులు చెప్పడానికి మనతో ఉన్న మేడం బి.ఎడ్ కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి ప్రిన్సిపల్‌గా రిటైరయ్యారు. ఇందాక లోపలికి వస్తూ నాతో ఒక మాటన్నారు, సీటెలా వస్తుందని అందరూ అడుగుతారు గానీ వచ్చాక ఏం చేయాలని ఎవరూ అడగరు అని. చూద్దాం మేడం, ఇవాళ ఏమవుతుందో. హలో, ఎవరండీ?

శ్రోత, సిద్దిపేట: నమస్తే సార్, నమస్తే మేడం. నేను బీఎస్సీ బీజెడ్‌సీ ఫైనలియర్. ఎడ్‌సెట్ ఇప్పుడే రాయొచ్చా, డిగ్రీ చేతికొచ్చాకనా?

మేడం: ఇప్పుడే రాసుకోవచ్చమ్మా. కౌన్సెలింగ్ నాటికి మాత్రం పాసై ఉండాలి, మార్కుల మెమో చూపించాలి. పందొమ్మిదేళ్ళు నిండాయా?

శ్రోత: నిండినయ్ మేడం. ఇంకొకటి, మా అన్న మ్యాథ్స్ మెథడాలజీ తీసుకొమ్మంటుండు. పోస్టులు ఎక్కువ పడతయంట.

మేడం: పోస్టులు ఎన్ని పడినా నీకు మ్యాథ్స్ ఇవ్వరు తల్లీ. మెథడాలజీ అంటే నువ్వు ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకుంటావో అది, డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టే ఇస్తారు. బోటనీ, జువాలజీ చదివావు కాబట్టి నీది బయలాజికల్ సైన్స్. ఆ దారిలో వెళ్ళు. రేపు డీఎస్సీలో, అదే సర్కారు టీచర్ల నియామకంలో, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకి డిగ్రీలో ఏం చదివావు, బి.ఎడ్‌లో ఏ మెథడాలజీ అని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

శ్రోత: మరి పరీక్షల మ్యాథ్స్ ఉంటదంట కదా మేడం. నాకు అదే టెన్షన్.

మేడం: ఉంటుంది, ఇరవై ప్రశ్నలు. తెలంగాణలో ఇప్పుడు అందరికీ ఒకటే పేపర్. రెండు గంటలు, 150 ప్రశ్నలు. లెక్కలు 20, సైన్స్ 20, సోషల్ 20, టీచింగ్ ఆప్టిట్యూడ్ 20, ఇంగ్లిష్ 20, కంప్యూటర్ 20, జనరల్ నాలెడ్జీ విద్యా సంబంధ విషయాలూ కలిపి 30. లెక్కలంటే పదో తరగతి లోపువే. మీ ఇంట్లో పాత పదో తరగతి పుస్తకం ఉంటే దుమ్ము దులుపు. తప్పు రాస్తే మార్కు కోయరు, ఏదీ వదిలేయకు. 38 వస్తే అర్హత వచ్చినట్టే, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. కానీ 38తో మంచి కాలేజీ రాదు, అది మాత్రం గుర్తుపెట్టుకో.

నిర్వాహకుడు: ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదేనా మేడం?

మేడం: కాదు. అక్కడా 150 ప్రశ్నలే, అందులో వంద మాత్రం నువ్వు ఎంచుకున్న సబ్జెక్టు మీదే ఉంటాయి. మిగతా యాభైలో ఇంగ్లిష్, జీకే, ఆప్టిట్యూడ్. ఒక రాష్ట్రం గైడ్ కొని ఇంకో రాష్ట్రం పరీక్షకు చదివిన వాళ్ళని చూశాను నేను!

నిర్వాహకుడు: గుంటూరు నుంచి ఒకరు చాలాసేపటిగా లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత, గుంటూరు: మేడం, నాకు డిగ్రీలో 47 శాతమే వచ్చింది. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్. యాభై లేకపోతే అప్లికేషనే తీసుకోదంటున్నారు.

మేడం: రిజర్వేషన్ ఉంటే 40 చాలు బాబూ.

శ్రోత: ఓసీ అండి.

మేడం: పీజీ ఏమైనా చేశావా?

శ్రోత: ఎమ్మెస్సీ మ్యాథ్స్. 58 వచ్చింది.

మేడం: మరి ఆ మాట ముందు చెప్పవేం? డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 ఉంటే సరిపోతుంది. అప్లికేషన్‌లో పీజీ మార్కులు చూపించు. మెథడాలజీ కూడా మ్యాథ్సే పెట్టుకో. స్నేహితులు ఫిజికల్ సైన్స్ తీసుకుంటున్నారని అటు పోకు. నీకు కెమిస్ట్రీ లేదు, ఆ పోస్టుకి ఫిజిక్సూ కెమిస్ట్రీ రెండూ చూస్తారు. రెండేళ్ళు చదివాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్ టేబుల్ దగ్గర తెలిస్తే ఏడుపొస్తుంది. ఇంజనీరింగ్ వాళ్ళు కూడా వింటుంటే ఒక మాట. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అదే ఎన్‌సీటీఈ, బీటెక్ వాళ్ళకి 55 శాతం అని రాసింది. ఏ ఏడు రాస్తున్నారో ఆ ఏటి నోటిఫికేషన్‌లో మీ గడి విడిగా చదువుకోండి.

నిర్వాహకుడు: తర్వాతి కాల్, విజయనగరం.

శ్రోత, విజయనగరం: అమ్మా, మా పాప గురించి. దానికి చిన్నపిల్లలంటే ప్రాణం. ఒకటో తరగతి, రెండో తరగతి అలా చెప్పాలంటుంది. బి.ఎడ్‌లో చేర్పిద్దామని.

మేడం: పాప ఏం చదువుతోందండీ?

శ్రోత: ఇంటర్ అయిపోయింది.

మేడం: ఆగండి వదినగారూ, డబ్బు కట్టకండి. చిన్న తరగతులకి బి.ఎడ్ పనికిరాదు. 2018లో బి.ఎడ్ వాళ్ళు కూడా ప్రైమరీకి అర్హులేనని ఒక నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో అది పోయింది. చిన్నపిల్లలకి చెప్పే శిక్షణ వేరు, పెద్దపిల్లలకి చెప్పేది వేరు అన్నది అందులో అసలు సంగతి. ఒకటి నుంచి ఐదు వరకు చెప్పాలంటే డీఎల్‌ఎడ్ చేయాలి, మనం ఇంకా డీఎడ్ అనే అంటాం. ఇంటర్ తర్వాత రెండేళ్ళు. దానికి డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. మీరు ఫోన్ చేయకపోయి ఉంటే డిగ్రీ మూడేళ్ళు, బి.ఎడ్ రెండేళ్ళు, ఐదేళ్ళు చదివి తనకి కావలసిన తరగతిలోకి వెళ్ళలేకపోయేది.

శ్రోత: అమ్మో. చెప్పినవాడు మా మరిదేనమ్మా, వాడి పని చెప్తాను.

నిర్వాహకుడు: మరిదిగారు ఈ కార్యక్రమం వింటుండకూడదు! కరీంనగర్ నుంచి కాల్, హలో.

శ్రోత, కరీంనగర్: మేడం, పేరు చెప్పను. నేను ఒక ప్రైవేట్ కంపెనీలో చేస్తున్నా. ఒకతను కలిశాడు. నాన్ అటెండింగ్ బి.ఎడ్ అంట. డబ్బు కడితే చాలు, పరీక్షలకి మాత్రం వస్తే సరి. రికార్డులు కూడా వాళ్ళే రాయించి పెడతారంట. నాన్ అటెండింగ్ అయినా పరవాలేదా మేడం?

మేడం: రాసిపెడతారా, రాసిపెట్టినట్టు సంతకం పెట్టిస్తారా?

శ్రోత: రెండూ అనుకుంటా మేడం.

మేడం: నాన్ అటెండింగ్ బి.ఎడ్ అనే కోర్సు ఈ దేశంలో లేదు బాబూ. ఆ పేరుతో అమ్మే మనుషులు ఉన్నారు. ఎన్‌సీటీఈ నిబంధనల్లో రాసింది చెబుతాను. కాలేజీ ఏడాదికి కనీసం 200 రోజులు, వారానికి 36 గంటలు నడవాలి. థియరీకి 80 శాతం అటెండెన్స్, బడికి వెళ్ళి పాఠాలు చెప్పే ఇంటర్న్‌షిప్‌కి 90. ఒకప్పుడు ఇది ఏడాది కోర్సు. టీచర్ల శిక్షణ మీద జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చాక మార్పులు వచ్చాయి, 2015-16 నుంచి రెండేళ్ళయింది. ఎందుకు పెంచారనుకున్నావు? బడిలో గడిపే కాలం సరిపోవడం లేదని. మొత్తం 20 వారాలు బళ్ళో ఉండాలి, అందులో 16 రెండో ఏడాదిలోనే. ఆ 16 వారాలే బి.ఎడ్. మిగతాదంతా దానికి తయారీ.

శ్రోత: కానీ చాలామంది అట్లనే చేసి ఉద్యోగాలు చేస్తున్నరు కదా మేడం.

మేడం: చేస్తున్నారు, నేను కాదనను. నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఒక కాలేజీకి వెళ్ళాను. ఒక అబ్బాయి లెసన్ ప్లాన్ రికార్డు తెచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, రంగు రంగుల బొమ్మలు, ప్రతి పేజీకీ సంతకం. పేజీలు తిప్పుతుంటే ఒక పాఠం తేదీ ఆగస్టు 15 అని ఉంది. ఆ రోజు జెండా ఎగరేశారా, పాఠం చెప్పారా అని అడిగాను. నవ్వాడు. సరే, ఈ పాఠంలో పిల్లలకి ఎక్కడ అర్థం కాలేదు అన్నాను. తలదించుకున్నాడు. ఆ రికార్డు రాసిన మనిషి ఎవరో గానీ చెయ్యి మాత్రం మంచి చెయ్యి. బడిలో నిలబడింది వాడూ కాదు, వీడూ కాదు.

నిర్వాహకుడు: ఏం చేశారు మేడం అతన్ని?

మేడం: వేయాల్సిన మార్కులు వేశాను. అది ఎంతో ఇక్కడ చెప్పను.

శ్రోత: నిజం చెప్పాలంటే మేడం, నా జీతం ఆగితే ఇల్లు నడవదు. మా నాన్నకు బాగుండదు. అందుకే ఇటు చూస్తున్నా.

మేడం: అర్థమైంది బాబూ. నీకు తేలికైన దారి చూపించాలని నాకూ ఉంది, కానీ లేదు. దూరవిద్యలో బి.ఎడ్ ఉంది, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఇగ్నోలో. అది ఇప్పటికే శిక్షణ పొంది ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పే టీచర్లకి, డీఎడ్ లాంటి కోర్సు రెగ్యులర్‌గా చేసినవాళ్ళకి. నువ్వు ఆ లెక్కలోకి రావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందేమో చూసుకో, ఒక ఏడాది ఆగి కొంచెం వెనకేసుకుని చేరు. ఆ బ్రోకర్ చెప్పే కాలేజీ పేరు ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో ఉందో లేదో, యూనివర్సిటీ అనుబంధం ఈ ఏడాదికి ఉందో లేదో చూడు. డబ్బుకి రసీదు ఇస్తాడా అని కూడా అడుగు. ఈ ఒక్క ప్రశ్నకే సగం మంది ఫోన్ పెట్టేస్తారు.

శ్రోత: సరే మేడం. అడుగుతా.

నిర్వాహకుడు: కర్నూలు నుంచి ఒక సోదరి.

శ్రోత, కర్నూలు: మేడం, నేను సెకండియర్. డిసెంబర్‌లో డెలివరీ. ఇంటర్న్‌షిప్ సరిగ్గా మధ్యలో పడుతోంది. మా హెడ్‌మాస్టరుగారు మంచివారు, రాకపోయినా రిజిస్టర్‌లో సంతకం పెట్టుకోమంటున్నారు.

మేడం: ఆయన మంచితనానికి దండం పెట్టి వద్దని చెప్పమ్మా. నీకు ఆ అవసరమే లేదు. ఈ కోర్సు రెండేళ్ళదే అయినా చేరిన రోజు నుంచి మూడేళ్ళలోపు ముగించవచ్చని నిబంధనలోనే ఉంది. సరిగ్గా నీలాంటి వాళ్ళకోసమే ఆ మూడో ఏడాది. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ప్రిన్సిపల్‌కి ఇప్పుడే ఉత్తరం రాయి, నోటిమాటగా వద్దు. ఇచ్చినట్టు నీ దగ్గర ఒక కాపీ మీద ముద్ర వేయించుకో. మిగిలిన వారాలు తర్వాతి బ్యాచ్‌తో చేసుకోవచ్చేమో యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకో. బిడ్డని చూసుకో ముందు.

నిర్వాహకుడు: వాట్సాప్‌లో చాలామంది ఒకటే అడుగుతున్నారు మేడం. బి.ఎడ్ అయిపోతే టీచర్ అయినట్టేనా?

మేడం: అర్హత వచ్చినట్టు. సర్కారు బడిలో ఉద్యోగానికి టెట్, అదే టీచర్ అర్హత పరీక్ష, పాసవ్వాలి. 150కి ఓసీలకి 60 శాతం, బీసీలకి 50, ఎస్సీ ఎస్టీలకి 40. ఒకప్పుడు ఏడేళ్ళే చెల్లేది, ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. టెట్ మార్కుల్లో 20 శాతం వెయిటేజీ డీఎస్సీకి కలుస్తుంది, కాబట్టి పాసయ్యాం కదా అని ఊరుకోవద్దు, మళ్ళీ రాసి పెంచుకోండి. ఇక డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులు, ఆంధ్రలో 2025 మెగా డీఎస్సీలో 16,347. అంతకుముందు ఏళ్ళకి ఏళ్ళు ఎదురుచూసిన వాళ్ళు నాకు తెలుసు.

శ్రోత, వరంగల్: మేడం, నేను ఇంటర్ సెకండియర్. ఇంటర్ తర్వాత డైరెక్ట్‌గా బి.ఎడ్ ఉందా?

మేడం: ఉంది బాబూ. ఐటెప్ అంటారు, నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు. డిగ్రీ, బి.ఎడ్ కలిసొస్తాయి, ఒక ఏడాది మిగులుతుంది. ఎన్‌సెట్ అని జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష, జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెడుతుంది. దూరం పోనక్కర్లేదు, మీ ఊళ్ళో నిట్‌లోనే ఉంది. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఉంది. టీచరే అవ్వాలని గట్టిగా ఉంటేనే చేరు సుమా, ఇంజనీరింగ్ రాలేదని కాదు.

నిర్వాహకుడు: చివరి కాల్, నల్లగొండ. త్వరగా అమ్మా, సమయం అయిపోతోంది.

శ్రోత, నల్లగొండ: మేడం, నేను ఇంటర్న్‌షిప్‌లో ఉన్న. రేపు మూడో పీరియడ్ ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు. సూపర్‌వైజర్ సార్ చూడటానికొస్తుండు. పోయినసారి నేను బోర్డు మీద రాస్తుంటే లైను కిందికి జారిపోయింది, పిల్లలంతా నవ్విండ్రు. నిద్ర పట్టట్లే మేడం.

మేడం: నీ దగ్గరే ఆగాలనిపిస్తోంది నాకు. బోర్డు సంగతి చిన్నది. రాసేటప్పుడు చెయ్యి ఒక్కటే జరపకు, మనిషివే పక్కకి జరుగు, లైను జారదు. ఏం తీసుకెళ్తున్నావు?

శ్రోత: చార్ట్ మేడం. రాత్రంతా కూర్చొని గీసిన.

మేడం: చార్ట్ గోడకి తగిలించు. చేతిలో మాత్రం పసుపు కాగితాలు పట్టుకెళ్ళు. తెల్ల కాగితం మీద పసుపు నీళ్ళు రాసి ఆరబెట్టు, ముక్కలు చెయ్యి. ఒక గ్లాసులో సబ్బు నీళ్ళు, ఒక నిమ్మకాయ. వెనక బెంచీ పిల్లాడిని పిలిచి ఒక చుక్క సబ్బు నీళ్ళు వాడిచేతే వేయించు.

శ్రోత: ఎర్రగైతది.

మేడం: ఎర్రబడుతుంది. అప్పుడు నువ్వు నోరు విప్పకు. నా మొదటి పాఠంలో నేను ప్రశ్న అడిగి, పిల్లలు చెయ్యెత్తేలోపే జవాబు కూడా నేనే చెప్పేశాను. పీరియడ్ మొత్తం అలాగే. మా మేడం నా రికార్డులో రాసిన ఒకే ఒక్క వాక్యం, "తరగతిలో ఒక్కరే చదువుకున్నారు" అని.

శ్రోత: మరి ఎవరూ ఏం చెప్పకపోతే మేడం? సార్ వెనక కూర్చొని ఉంటడు కదా.

మేడం: ఉండనీ. మనసులో ఐదు దాకా లెక్కపెట్టు. అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే నిమ్మకాయ ఇంకో పిల్లకివ్వు, ఆ ఎర్రమచ్చ మీదే పిండమను. మళ్ళీ పసుప్పచ్చగా మారుతుంది. అప్పుడు నువ్వు ఆపినా వాళ్ళు ఆగరు.