మెడ నుంచి వచ్చే తలనొప్పికి వ్యాయామాలు: ఏది పనికొస్తుంది, ఏది దండగ?

నమస్కారం. ఈ రోజు రివ్యూలో ఫోను లేదు, కుర్చీ లేదు. మెడ నుంచి పుట్టే తలనొప్పికి మనవాళ్లు చేసే వ్యాయామాలకు మార్కులు వేద్దాం. నేను బెంగళూరులో, మారతహళ్లిలో ఫిజియోథెరపిస్టును. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్లలో చాలామందిది ఒకే దినచర్య. పగలంతా ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు, సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోయిన బస్సులో ఫోను మీదికి వంగి. అందరూ ‘మైగ్రేన్ అండీ’ అంటూనే వస్తారు. కొందరికి నిజంగా అదే, కొందరికి కాదు.

నార్వే వైద్యుడు ఒట్టార్ స్యోస్టాడ్ 1983లో ఈ రకానికి సెర్వికోజెనిక్ తలనొప్పి అని పేరు పెట్టారు. మెడలోని మొదటి మూడు నరాలూ, ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్ నరమూ వెన్నుపాము పైభాగంలో ఒకే చోట కలుస్తాయి. అందుకే తప్పు మెడలో ఉన్నా నొప్పి కంటి వెనకో, కణత దగ్గరో తెలుస్తుంది. సాధారణంగా ఒకే పక్క ఉంటుంది. మెడ తిప్పితే ఎక్కువవుతుంది. తల ఒక పక్కకు తిరిగినంత రెండో పక్కకు తిరగదు. అయితే మెడ నొప్పి ఉన్నంత మాత్రాన తలనొప్పి మెడ నుంచే వస్తోందని అనుకోకండి, మైగ్రేన్‌లోనూ మెడ పట్టేస్తుంది.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చేయి పట్టు తప్పడం, దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, యాభై దాటాక కొత్తగా వచ్చిన తలనొప్పి: వీటిలో ఏది ఉన్నా ఈ వీడియో మీకు కాదు, ముందు ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మార్కులు. తలను గుండ్రంగా తిప్పడానికి పదికి రెండు. హాయిగా ఉంటుంది, కాదనను, కానీ బలహీనపడిన కండరానికి దానివల్ల ఒరిగేది లేదు. క్షవరం అయ్యాక మెడ పటుక్కున విరిపించుకోవడానికి సున్నా. సున్నా కన్నా తక్కువ వేసే వీలుంటే అదే వేసేవాణ్ణి. అలా విరిచినప్పుడు మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చిరిగి పక్షవాతం వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నా తొమ్మిది మార్కులు వెళ్లేది, చూసేవాళ్లకు ఏమీ చేయనట్టే కనిపించే వ్యాయామానికి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి. తల ఎత్తకుండా, గడ్డాన్ని గొంతు వైపు కొద్దిగా దించండి. ‘అవును’ అన్నట్టు ఊపాలి, మనం ‘సరే’ అంటూ అటూ ఇటూ ఊపే తీరులో కాదు. పది సెకన్లు నిలిపి వదలండి. మెల్లగా పది సార్లకు చేరండి. ఊపిరి బిగబట్టకండి. మెడ ముందు భాగంలో రెండు వేళ్లు ఆనించి చూసుకోండి: అక్కడి పెద్ద కండరాలు తాడులా బిగుసుకుంటే మీరు బలం ఎక్కువ పెడుతున్నట్టు. పని చేయాల్సింది వాటి వెనక, వెన్నుపూసలను అంటుకుని ఉండే లోపలి కండరాలు. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లే ఇందులో ఎక్కువ తడబడతారు. వాళ్లకు తల ఎత్తకపోతే వ్యాయామం చేసినట్టే అనిపించదు.

ఇది నా సొంత నమ్మకం కాదు. ఆస్ట్రేలియాలో గ్వెండొలెన్ జల్ బృందం 200 మందితో చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఆరు వారాల పాటు కొందరికి ఈ తరహా వ్యాయామాలు, కొందరికి చేత్తో చేసే చికిత్స, కొందరికి రెండూ ఇచ్చారు. ఏ చికిత్సా ఇవ్వని వాళ్లతో పోలిస్తే ఈ మూడు గుంపుల్లోనూ తలనొప్పి తగ్గింది, ఆ మేలు ఏడాది తర్వాతా నిలిచింది.

తల ఒక పక్కకు తిరగని వాళ్లకు తువ్వాలు వ్యాయామం. దీనికి ఎనిమిది మార్కులు. కుడికి తిరగడం కష్టమనుకోండి. తువ్వాలు అంచును పుర్రె కిందుగా మెడ వెనక ఆనించండి. కుడి పక్క కొసను ఎడమ చేత్తో ఛాతీకి అదిమి పట్టుకోండి. ఎడమ పక్క కొసను కుడి చేత్తో చెంప మీదుగా ముందుకు లాగుతూ తలను కుడికి తిప్పండి. చివర రెండు మూడు సెకన్లు ఆగండి. నొప్పి పుట్టకూడదు. పుట్టిందంటే తువ్వాలు జారిందో, లాగుడు ఎక్కువైందో చూసుకోండి. సరిచేశాక కూడా నొప్పి ఉంటే వదిలేయండి. టోబీ హాల్ బృందం 2007లో 32 మందితో దీన్ని పరీక్షించింది, ఈ వ్యాయామం చేసినవాళ్లలోనూ ఏడాది తర్వాత ఫలితం నిలిచింది. దీనికీ తొమ్మిది వేయకుండా ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, చేతులు తారుమారు చేయని వాణ్ణి నేను ఇంకా చూడలేదు.

కూర్చునే చోట గడ్డం వెనక్కి లాక్కోవడానికి ఆరు, భుజం రెక్కలను వెనక్కి, కిందికి దించి పట్టడానికి ఏడు. ఆఫీసులో ఎవరూ చూడకుండా చేసుకోవచ్చు.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. మామూలు మాత్రలే అయినా నెలలో పదిహేను రోజులు, ఆపైన, నెలల తరబడి మింగుతూ ఉంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. అలాంటప్పుడు వ్యాయామం చేసినా ఫలితం కనిపించదు, ముందు వైద్యుడితో మాట్లాడండి. రోజంతా మెడకు కాలర్ పట్టీ వేసుకోవడం కూడా వద్దు, పని చేయించాల్సిన కండరాలకు సెలవు ఇచ్చినట్టవుతుంది.

ఆరు వారాలు రోజుకు రెండు పూటలు చేయండి. అప్పటికీ మార్పు లేకపోతే నా వీడియోలు చూడటం ఆపి, మెడను చేత్తో పట్టి పరీక్షించే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి.